దిల్‌బహార్ టాకీస్ గల్లీ దర్వాజ

ఈ సంగతి ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పడానికి నేను ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నాను, కాగితాలు రాశాను, ఆఫీసుల బెంచీల మీద కూర్చున్నాను, ఫోన్లు చేశాను, చివరికి కనబడిన వాళ్లందరినీ ఆపి చెప్పడం మొదలుపెడితే పాత బజారులో నన్ను చూసి రోడ్డు దాటి అవతలికి పోయే మిత్రులు కూడా తయారయ్యారు. వాళ్లెవరో నాకు గుర్తుంది.

సంగతి ఏమిటంటే, కరీంనగర్‌లో టవర్ సర్కిల్‌కు పోయే దారిలో ఒకప్పుడు దిల్‌బహార్ టాకీస్ ఉండేది. దాన్ని కూలగొట్టి కట్టిన కాంప్లెక్సులో ఇప్పుడు సెల్‌ఫోన్లు, చీరలు, కళ్లద్దాలు అమ్ముతున్నారు. ఆ చోట ఒక గుర్తురాయి నిలబెట్టాలని ఈ పట్నంలో మొట్టమొదట అడిగినవాడిని నేను. పాత కట్టడాల గుర్తులు నిలపడానికి కొందరు పెద్దలు కలిసి ఒక కమిటీ పెట్టుకున్నారని తెలిసి, వాళ్లకు కూడా రాశాను. జవాబు రాలేదు. కిందటి ఎండాకాలం ఒక పొద్దున పాల ప్యాకెట్ కోసం పోతూ చూస్తే కాంప్లెక్సు ముందర నిలువెత్తు నల్లరాయి, దానికి బంతిపూల దండ, కింద కొబ్బరి చిప్పలు. అంతకుముందు రోజే సభ అయిపోయిందట. ఆ టాకీసులో ఒక్క ఆట కూడా చూడని వాళ్లకు శాలువాలు కప్పారట. నన్ను పిలవలేదు.

సరే, పిలవకపోతే పిలవకపోయారు, రాయి మీద ఏం చెక్కించారో చదువుదామని పాల ప్యాకెట్ పట్టుకొని అక్కడే నిలబడ్డాను. టాకీసు కట్టించిన సేటు గొప్పతనం రాశారు, బొంబాయి నుంచి మిషను తెప్పించిన సంగతి రాశారు, ఏ పెద్దమనిషి వచ్చి ఏ కుర్చీలో కూర్చున్నాడో రాశారు. గల్లీ దర్వాజ గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు. ఆ దర్వాజ ఏమిటో నా వయసు వాళ్లకు చెప్పనక్కర లేదు గానీ, మీ పిల్లలు పక్కన కూర్చొని ఉంటే వాళ్ల కోసం చెబుతాను.

దిల్‌బహార్‌కు రెండు దారులు. బజారు వైపు పెద్ద గేటు మగవాళ్లది. వెనకవైపు, ఒక జట్కా కూడా తిరగలేని సన్నటి గల్లీలోకి ఆకుపచ్చ రంగు వేసిన చిన్న దర్వాజ ఒకటి ఉండేది, అది ఆడవాళ్లది. వాళ్ల టికెట్లు అక్కడే ఇచ్చేవారు, వాళ్లు అక్కడినుంచే వచ్చేవారు, అక్కడినుంచే పోయేవారు. లోపల వాళ్ల జాగాకూ మగవాళ్ల జాగాకూ మధ్య నిలువునా ఒక పర్దా. దీపాలు ఆరగానే, ఆ దర్వాజ దగ్గర టికెట్లు చూసే పెద్దమ్మ ఆ పర్దాను జర్రున ఒక పక్కకు లాగేది, ఇంటర్వెల్‌కు దీపాలు వెలగబోయే ముందు మళ్లీ మూసేది. అప్పుడప్పుడు ఆట మధ్యలో రీలు తెగి ఉన్నట్టుండి దీపాలు వెలిగేవి. అప్పుడు హాలంతా ఒక్క గొంతుతో “పర్దా! పర్దా!” అని అరిచేది, పెద్దమ్మ లేచి పర్దా మూసేదాకా నేల టికెట్టు మొదలు కుర్చీల దాకా మగవాళ్లందరూ తలలు కిందికి వంచుకొని కూర్చునేవారు. ఎవరైనా తల ఎత్తితే పక్కవాడు వీపు మీద ఒకటి చరిచేవాడు. వంచిన తలల మీద నుంచి ఆడవాళ్ల నవ్వులు వినబడుతుంటే మాకు మెడలు నొప్పి పుట్టేవి గానీ ఎత్తేవాళ్లం కాదు. అదీ అప్పటి మర్యాద.

ఆ మర్యాదలోనే ఇంకొకటి ఉంది. ఆట వదిలే వేళకు ఏ మగవాడూ గల్లీలో నిలబడకూడదు. మొగుడైనా సరే, అన్నయినా సరే, బజారు వైపు పెద్ద గేటు దగ్గర నిలబడాలి. ఆడవాళ్లు గుంపుగా గల్లీ దాటి, మూల తిరిగి, అక్కడికి వచ్చేవారు. ఇది ఎక్కడా రాసిపెట్టి ఉండదు. కరీంనగర్‌లో అందరికీ తెలుసు.

అందరికీ అంటే, ఒక్క మా ఇంటామెకు తప్ప.

నాది హుస్నాబాద్. కరెంటాఫీసులో కొలువు దొరికి, పాత బజారులో ఒక అర్ర కిరాయికి తీసుకొని, కొత్తగా పెళ్లయిన భార్యను తెచ్చుకున్నాను. ఆమెది లక్సెట్టిపేట, గోదావరి ఒడ్డు మనిషి, మాట తగ్గించుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదని నాకు పెళ్లయ్యాకే తెలిసింది. వచ్చిన కొత్తలోనే మ్యాట్నీకి తీసుకుపోయాను. గల్లీ దర్వాజ దాకా వెళ్లి, ఆమెను మా పక్కింటి ఖాలాకు అప్పగించి, నేను చుట్టూ తిరిగి పెద్ద గేటు నుంచి లోపలికి పోయాను. ఖాలా అంటే పిన్ని వరస, మాకు గోడ అవతలి మనిషి, బట్టల దుకాణం వాళ్ల ఇల్లాలు, వారానికి ఒక్క మ్యాట్నీ చూడకపోతే ఆమెకు అన్నం సయించేది కాదు.

ఆట అయిపోయింది. నేను మర్యాద ప్రకారం పెద్ద గేటు దగ్గర నిలబడ్డాను. మగవాళ్లు వెళ్లిపోయారు, మూల తిరిగి ఆడవాళ్ల గుంపు వచ్చింది, అందులో ఎవరి వాళ్లను వాళ్లు ఏరుకొని తీసుకుపోయారు. నా మనిషి లేదు. ఖాలా కూడా లేదు. హాలు ఊడ్చేవాళ్లు లోపలి నుంచి పల్లీల పొట్టు, బీడీ ముక్కలు కుప్పలుగా తోసుకొస్తున్నారు. గేటు మీది మనిషి నన్ను చూసి, “ఏం సారూ, ఇంటికి పోబుద్ధయితలేదా? కొత్త పెండ్లామంటివి, అప్పుడే లొల్లయిందా?” అని పళ్లు బయటపెట్టాడు. ఆ పళ్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మొదటి ఆటకు రికార్డు పెట్టేదాకా నిలబడి, కాళ్లు పీకుతుంటే ఇంటికి వస్తే, ఆమె గడప మీద కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతున్నది.

“గేటు కాడికి ఎందుకు రాలే?” అన్నాను.

“నువ్వెందుకు రాలే?” అంది.

“నేను అక్కడ్నే ఉన్న గద, పెద్ద గేటు కాడ.”

“నన్ను పెద్ద గేటు కాడ దించినవా? గల్లీల దించినవు. ఎక్కడ దించినవో అక్కడ్నే నిలవడ్డ. తీసుకపోయెటోడు దించిన కాడికి రావాలె.”

గోడ అవతల నుంచి ఖాలా గొంతు వచ్చింది. “అరె బేటా, నేను చెప్పిన్రా, మూల మీదికి పోదాం రా బేటీ అని చెప్పిన. దీని కాలు కదుల్తనే లేదు. దీని కోసం నేను కూడా నిలవడ్డ. నా మోకాళ్లు పోయినయి, ఇద్దరు కలిసి నాకు జండూబామ్ తెచ్చియ్యుండ్రి.”

ఆనాడు మొదలైన ఆ ప్రశ్న మా ఇంట్లో ఇంకా తెగలేదు. నేను ఎన్నిసార్లు ఎందుకు రాలేదని అడిగినా, నువ్వెందుకు రాలేదనే వచ్చేది. ఆ తరువాత మ్యాట్నీలకు ఆమె మామూలుగా గుంపుతో మూల తిరిగి వచ్చేది, అది వేరే సంగతి. మొదటిసారికి మాత్రం జవాబు లేదు.

ఆ గల్లీ ఆడవాళ్లకు మ్యాట్నీ ఎంత పెద్ద విషయమో ఇప్పటి వాళ్లకు చెప్పడం కష్టం. టాకీసు మీది మైకు భోంగాలో పాటల రికార్డు మొదలైందంటే పొయ్యిలు ఆర్పేవారు. మగ్గాల ఇళ్ల ఆడవాళ్లు కండెలు చుట్టడం ఆపి చేతులు కడుక్కునేవారు. బురఖాల వాళ్లు, కొంగు నెత్తి మీదికి లాక్కున్న వాళ్లు, చంకలో పిల్లలున్న వాళ్లు, అందరూ ఆ ఆకుపచ్చ దర్వాజలోకి దూరి, పర్దా వెనక ఒకరి ఒళ్లో ఒకరు పల్లీలు పోసుకొని, తెర మీద అత్త కోడలిని కొడితే ఇక్కడ ఉన్న అత్తలను అందరూ కలిసి తిట్టేవారు. ఇంటి బయట వాళ్లకు ఉన్న జాగా అదొక్కటే. అందుకే ఒక వానాకాలం చివర సేటు ఆ దర్వాజకు అడ్డంగా ఇటుకల గోడ కట్టించి, లోపలి వసారాను సైకిల్ స్టాండు చేస్తున్నానని, ఇకమీద ఆడవాళ్లు కూడా పెద్ద గేటు నుంచే రావాలని బోర్డు పెట్టినప్పుడు, ఆడవాళ్లు ఎవరో పోయినట్టు అరుగుల మీద కూలబడ్డారు. పెద్ద గేటు దగ్గర టికెట్ల తోపులాట ఎలా ఉండేదో మీకు తెలుసు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి కిటికీలో చెయ్యి పెట్టేవారు. అందులో నుంచి ఖాలాను వాళ్లింట్లో పంపుతారా? మగ్గాల ఇళ్ల అత్తలు కోడళ్లను పంపుతారా? దర్వాజ మూయడమంటే వాళ్లకు టాకీసే మూసినట్టు.

నేను వెంటనే చేయవలసిన పని చేశాను. మంచి కాగితం తీసుకొని, గుండ్రటి అక్షరాలతో, సేటు గారికి అన్ని విషయాలూ వివరంగా రాసి మేనేజరు చేతికి స్వయంగా ఇచ్చాను. జవాబు కోసం ఎదురుచూశాను. కొన్నాళ్లకు టికెట్టు కోసం కిటికీ దగ్గరికి పోతే, ఊగుతున్న బల్ల కాలు కింద మడిచి పెట్టిన కాగితం కనబడింది. నా గుండ్రటి అక్షరాలను నేను గుర్తుపట్టలేనా! ఆ మేనేజరు తరువాత ఎంత మంచివాడైనా కావచ్చు, నాకు సంబంధం లేదు.

ఇంటికి వచ్చి ఈ ఘోరం చెబితే మా ఇంటామె, “బల్ల ఊగుడన్న ఆగిందా?” అని అడిగింది. అడిగి, చెంబు కింద పెట్టి, గోడ దగ్గరికి పోయి ఖాలాను పిలిచింది. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

బతుకమ్మ రోజులు వచ్చాయి. మా గల్లీ ఆడవాళ్లు ఎప్పుడూ వాడకట్టు చివర ఖాళీ జాగాలో ఆడేవారు. ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి సైకిల్ మీద వస్తుంటే టాకీసు ముందర జనం నిలిచిపోయి ఉన్నారు. దిగి, మెడ చాచి చూస్తే, పెద్ద గేటుకు సరిగ్గా ఎదురుగా, తంగేడు పూలు, గునుగు పూలు పేర్చిన బతుకమ్మలు నడుమ పెట్టుకొని, గల్లీలో ఉన్న ఆడవాళ్లందరూ గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. కొత్త చీర కట్టుకొని అందరికంటే పెద్ద గొంతుతో పాట ఎత్తుకుంటున్నది మా ఇంటామె.

“గల్లి తలుపు మూసె ఉయ్యాలో, సేటు గారు సూడు ఉయ్యాలో, గోడ కట్టినోని ఉయ్యాలో, ఆట ఎవలు సూస్తరు ఉయ్యాలో!”

మొదటి ఆట వేళ. మగవాళ్లు వందలుగా వచ్చి రోడ్డు మీద నిలబడ్డారు. కానీ బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్ల నడుమ నుంచి దాటి పోయే మగవాడు ఈ తెలంగాణలో పుట్టలేదు. పోలీసాయన ఒకడు వచ్చి, చూసి, టోపీ సర్దుకొని, చెట్టు కిందికి పోయి నిలబడ్డాడు. టికెట్ల కిటికీ ముందర ఖాలా ఒక స్టూలు వేసుకొని బురఖాలో కూర్చుంది. ఆడదు, పాడదు, కిటికీ మాత్రం ఆమె వీపు వెనక కనబడకుండా పోయింది. గోడ వారగా ఎట్లాగో చేరుకున్న ఒకడు వంగి టికెట్టు అడిగితే, “బుకింగ్ బంద్ హై బేటా, జర పాట విను,” అంది.

నా మీద పళ్లు బయటపెట్టిన ఆ గేటు మనిషి ఇప్పుడు చేతులు కట్టుకొని వలయం అంచున నిలబడి, “అక్కా, జర బాట ఇయ్యుండ్రి, మీకు దండం పెడ్త,” అని బతిమాలుతున్నాడు.

మా ఇంటామె చప్పట్లు ఆపకుండానే, “బాట మూసింది మీ సేటు గద తమ్మీ, మమ్ముల అడుగుతవేంది? ఇంకో పది సుట్లయినంక రా, సూద్దాం!” అంది. ఆడవాళ్లంతా పకపక నవ్వారు. వాడి పళ్లు ఆనాడు కనబడలేదు.

భోంగాలో రికార్డు పాడి పాడి ఆగిపోయింది. మొదటి ఆట తెర లేవలేదు. సేటు మోటారులో వచ్చాడు, దిగాడు, ముందు కోపంగా చూశాడు, తరువాత అయోమయంగా చూశాడు, చివరికి తన సొంత భార్య నెత్తి మీద బతుకమ్మ పెట్టుకొని సందు మలుపులో నుంచి వస్తుంటే ఆయన ముఖం ఎలా అయిందో నేను నా కళ్లతో చూశాను. ఆమె ఆయన వైపు చూడనైనా చూడలేదు. బతుకమ్మను మిగతా వాటి పక్కన దించి, కొంగు నడుముకు చెక్కి, మా ఇంటామె పక్కన చోటు చేసుకొని చప్పట్లు మొదలుపెట్టింది. సేటు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “రేపు గోడ తీపిస్త. ఇగ చాలు తల్లీ, అందరు వింటుండ్రు,” అన్నాడు. ఎవరినన్నాడో తెలియదు, భార్యనేనని నా అనుమానం.

మరునాడు తాపీవాళ్లు వచ్చి ఇటుకలు పగలగొట్టారు. మొదటి దెబ్బ పడ్డప్పుడు గల్లీలో అరుగుల మీద ఉన్న ఆడవాళ్లు వేసిన కేక టవర్ దాకా వినబడింది. మ్యాట్నీకి దర్వాజ దగ్గర ఆనాడు పెద్దమ్మ ఎవరినీ టికెట్టు అడగలేదని తరువాత తెలిసింది. నేను లోపల మగవాళ్ల వైపు కూర్చొని, పర్దా లాగగానే అవతలి నుంచి వచ్చిన చప్పట్లు విన్నాను. తెర మీద ఇంకా ఏ బొమ్మా రాలేదు.

నేను రాసిన కాగితానికి మాత్రం జవాబు రాలేదు.

ఇప్పుడు చెప్పండి, రాయి మీద ఈ సంగతి లేకపోతే నాకు కడుపు మండదా? కమిటీ ఆఫీసుకు పోయాను. కార్యదర్శి చిన్నవాడు, మర్యాదస్తుడే, చాయ్ తెప్పించాడు. పాత ప్లాను చూపించి, “సార్, ఇందులో ఒక్కటే గేటు ఉంది. మీరు చెప్పేది ఊడ్చేవాళ్ల కోసం పెట్టిన దొడ్డిదారి అయి ఉంటుంది. పెద్దవారు, గుర్తు తప్పి ఉండొచ్చు,” అన్నాడు. దొడ్డిదారి! ఖాలా ఆ మాట వినడానికి లేకపోవడం ఆ అబ్బాయి అదృష్టం. చాయ్ తాగకుండా వచ్చేశాను. మళ్లీ రాశాను, మళ్లీ పోయాను, చివరికి నన్ను చూడగానే బంట్రోతు సారు మీటింగుల ఉన్నడని చెప్పడం నేర్చుకున్నాడు.

ఇంట్లో నా సణుగుడు భరించలేక ఒకనాడు మా ఇంటామె చెప్పులు వేసుకుంది. “నువ్వు కాయితం రాస్తవు, వాళ్లు బల్ల కింద పెడ్తరు. ఎన్నటికన్న బుద్ధొస్తదా నీకు? నడువు, నేనొస్త.”

ఆమె పోయి ఆ అబ్బాయి ఎదురుగా కూర్చుంది. ప్లాను సంగతి ఎత్తలేదు, రాయి సంగతి ఎత్తలేదు. “బిడ్డా, మీదేవూరు?” అని అడిగింది.

“మందమర్రి అమ్మా. బాపు బొగ్గుబాయిల పని చేసిండు.”

“మీ అమ్మమ్మోళ్లది?”

“అమ్మమ్మోళ్లది ఇక్కడ్నే, పాత బజారే. అమ్మ ఇక్కడ్నే పెరిగింది.”

“మీ అమ్మ మంచిగున్నదా? ఉంటే ఫోన్ కలుపు. దిల్‌బహార్‌కు ఏ దిక్కు నుంచి పోతుండెనో అడుగు.”

అబ్బాయి నవ్వుతూ ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు. అడగగానే అటునుంచి వచ్చిన వాళ్లమ్మ గొంతుకు బంట్రోతు కూడా తలుపు దగ్గరికి వచ్చాడు. “పెద్ద గేటు నుంచా? ఎవలు పోయిండ్రురా పెద్ద గేటు నుంచి? మగపోరలు పోయేది. మేమందరం గల్లీ దర్వాజ నుంచే పోతుంటిమి, పచ్చరంగుది. మూస్తే బతుకమ్మ ఆడి తెరిపిచ్చిండ్రు, మా అవ్వ, అదే మీ అమ్మమ్మ, ఆమె కూడ ఆడింది. ఎవలో లక్సెట్టిపేట కోడలట, పాట ఎత్తుకున్నది ఆమెనే. ఎందుకురా అడుగుతున్నవు?”

“నేనే చెల్లె ఆ కోడల్ని,” అంది మా ఇంటామె, ఫోను వైపు వంగి.

ఆ తరువాత ఆ ఇద్దరూ ఒకరికొకరు ముఖపరిచయం లేకపోయినా, పర్దా గురించి, పెద్దమ్మ గురించి, ఎవరి పిల్లవాడు ఎవరి చీర తడిపాడో దాని గురించి, మందమర్రిలో ఎండ గురించి, చెప్పుకొని అటు ఆమె, ఇటు ఈమె నవ్వుతుంటే, మేమిద్దరం మగవాళ్లం బల్లకు ఇటొకరూ అటొకరూ తలలు వంచుకొని కూర్చున్నాం. చివరికి ఫోను పెట్టేసే ముందు వాళ్లమ్మ కొడుకుతో ఒక్క మాటే అంది. “రాయి పెడితే సక్కగ పెట్టు. సగం పెడితే పెట్టనట్టే.”

గల్లీలో రెండో రాయి ఈ మధ్యనే నిలబెట్టారు. మన కరీంనగర్ గ్రానైటే, మొదటిదానికంటే కొంచెం చిన్నది, కానీ మెరుపు ఎక్కువ. దాని మీద ఏముందో చదవండి. “దిల్‌బహార్ టాకీస్ ఆడవాళ్ల దర్వాజ ఇక్కడ ఉండేది. ఒకసారి మూశారు. ఈ గల్లీ ఆడవాళ్లు బతుకమ్మ ఆడి తెరిపించారు.” ఇంతకంటే మంచి మాటలు ఈ పట్నంలో ఏ రాయి మీదా లేవు. శాలువాలు కప్పించుకున్న వాళ్లందరూ వచ్చి వెనక వరుసలో నిలబడ్డారు, ముందు వరుస కుర్చీలన్నీ ముసలమ్మలవి. మందమర్రి నుంచి ఆ తల్లి వచ్చింది. ఖాలా బిడ్డ, ఆనాడు వాళ్లమ్మ కూర్చున్న స్టూలును రిక్షాలో వేసుకొని వచ్చింది. నన్ను పిలవడం మాత్రం, మా ఇంటామెకు ఫోన్ చేసి, “సారును కూడా తీసుకురండి,” అన్నారు. కూడా! ఫరవాలేదు. గెలిచినవాడు కొన్ని వింటాడు.

సభ అయిపోయింది, అందరూ మూల తిరిగి వెళ్లిపోయారు. నేను బజారు వైపు పోయి ఆమె కోసం నిలబడబోయి, ఎందుకో ఆగి, వెనక్కి తిరిగి గల్లీలోకి నడిచాను. ఆడవాళ్లు బయటికి వచ్చే వేళ ఆ గల్లీలో నేను అడుగుపెట్టడం అదే మొదలు. ఆమె రాయి పక్కన ఒక్కతే నిలబడి ఉంది, చేతిలో సంచి, నెత్తి మీద కొంగు. నన్ను చూసి ఒక్క మాట అంది.

“ఇప్పటికి వచ్చినవా?”

ఈ రోజుల్లో ఎవరూ ఎవరి కోసం ఏ గేటు దగ్గరా నిలబడడం లేదు. మా మనవరాళ్లు మాల్‌లో ఏ తలుపు నుంచి పోతారో, ఏ తలుపు నుంచి వస్తారో అడిగేవాళ్లు లేరు, అడగవలసిన పని కూడా లేదు. పర్దా పోయింది, అది పోవడమే మంచిదయింది. కానీ పర్దా వెనక అంతమంది ఆడవాళ్లు ఒక్కసారి నవ్వితే వచ్చే ఆ చప్పుడు కూడా దానితోనే పోయింది. ఇప్పుడు హాలులో దీపాలు వెలిగితే ఎవరి ఫోనులో వాళ్లు తలలు వంచుకుంటున్నారు. మేము వంచిన తలలు వేరు.

నా గెలుపు నాకు ఉంది, కాదనను. అయినా రాయి నిలబెట్టడం వేరు, జవాబు చెప్పడం వేరు. కమిటీ వాళ్లు నా కాగితాలకు ఇంకా జవాబు ఇవ్వవలసే ఉంది, ముందరి రాయి మీద కూడా గల్లీ దర్వాజ మాట చెక్కించవలసే ఉంది, నేను మరిచిపోయాననుకోవద్దు. కానీ అంతకంటే పాతది ఇంకొకటి బాకీ ఉంది. ఇప్పుడు నేను నిలబడ్డ చోట ఒక రాయి ఉంది, ఆమె నిలబడ్డ చోట ఒక రాయి ఉంది, మధ్యలో ఒక్క మూల మలుపు. ఆలస్యంగానైనా ఆ మలుపు తిరిగి నేను గల్లీలోకి వచ్చాను, సాక్ష్యానికి గ్రానైటు రాయే ఉంది. ఇక నువ్వెందుకు రాలేదనే మాట చెల్లదు. ఇదంతా పుస్తకంలో అచ్చయితే మా ఇంటామె చదువుతుంది, కళ్లద్దాలు కూడా ఆ కాంప్లెక్సులోనే కొనిచ్చాను. కాబట్టి ఇందరి ముందు అడుగుతున్నాను: ఖాలా అంతగా చెప్పినా, నేను ఆ మూల అవతలే ఉన్నానని తెలిసి కూడా, ఆ రోజు నువ్వెందుకు రాలే? జవాబు చెప్పు.